గీతకు అటూ ఇటూ – 11: సబ్బుల స్మిత్ ఊరు, ఎర్రకోటు స్టీల్ ఊరు

కిందటి వారం లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్‌ను 1881 జూలైలో ఫోర్ట్ బ్యూఫర్డ్ దగ్గర వదిలిపెట్టాం. 49వ అక్షాంశం దాటితే అమెరికా సైన్యం వెంట రాదని నమ్మి, నాలుగేళ్ళు కెనడా గడ్డ మీద తలదాచుకున్న మనిషి అతను. చివరికి ఆకలికి ఓడి, వెనక్కి వచ్చి లొంగిపోయాడు. ఆ కథ ముగిసినా ఒక ప్రశ్న మిగిలింది. ఈ రెండు దేశాల మనుషుల్లోనే తేడా ఉందా? లేక తేడా అంతా వాళ్ళ మీద కూర్చున్న ప్రభుత్వాల్లో ఉందా?

ఈ ప్రశ్నకు జవాబు అందరి దగ్గరా సిద్ధంగానే ఉంటుంది. అమెరికావాడికి తుపాకీ, దూకుడు, ఎవడి మాటా వినని స్వభావం. కెనడావాడికి వరసలో నిలబడే ఓపిక, నోరు తెరిస్తే ‘సారీ’. కొడుకు డాలస్‌లో, కూతురు బ్రాంప్టన్‌లో ఉన్న మన ఇళ్ళలో అమ్మానాన్నలు కూడా రెండు చోట్లా తలా మూణ్ణెల్లు ఉండి వచ్చి ఇదే చెబుతారు. చెప్పేదాంట్లో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ స్వభావాలు పుట్టుకతో వచ్చినవా, తర్వాత పెట్టుకున్నవా అన్నది తేల్చాలంటే ఒకే రకం మనుషుల్ని రెండు గుంపులు చేసి, రెండు పాలనల కింద పెట్టి చూడాలి. చరిత్ర ఇలాంటి పరీక్షలకు అవకాశం ఇవ్వడం అరుదు. 1898లో మాత్రం ఇచ్చింది.

అంతకు అయిదేళ్ళ ముందు, 1893 జూలైలో, షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతుండగా అక్కడే కూడిన చరిత్రకారుల సభలో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే 31 ఏళ్ళ అధ్యాపకుడు ఒక వ్యాసం చదివాడు. అమెరికావాణ్ణి అమెరికావాడిగా చేసింది యూరప్ నుంచి తెచ్చుకున్న చదువూ సంస్కారమూ కావు, పడమటి సరిహద్దు అడవి అని అతని వాదన. మనిషి అక్కడికి పోతే పాత కట్టుబాట్లు రాలిపోతాయి, పెత్తనం అంటే పడదు, తన బతుకు తనే చూసుకుంటాడు, ప్రజాస్వామ్యం అక్కడే పుడుతుంది అన్నాడు. ఆ సభలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు గానీ తర్వాత యాభై ఏళ్ళు అమెరికా చరిత్ర పాఠాలన్నీ ఆ వ్యాసం చుట్టే తిరిగాయి.

మరి కెనడాకు కూడా పడమర ఉంది. అదే మైదానం, అవే కొండలు, అదే చలి. టర్నర్ చెప్పినట్టు అడవే మనిషిని మలిచేదైతే, గీతకు పైన కూడా అదే మనిషి తయారవ్వాలి కదా.

బంగారం ఎవరి పేరున

1896 ఆగస్టు మధ్యలో, యూకాన్ నదిలో కలిసే క్లోండైక్‌కు ఉపనదిగా ఉన్న ఒక చిన్న వాగులో బంగారం కనిపించింది. చూసినవాళ్ళు ముగ్గురు: కాలిఫోర్నియా నుంచి వచ్చిన జార్జ్ కార్మాక్, అతని భార్య కేట్‌కు సోదరుడైన స్కూకమ్ జిమ్, వాళ్ళ మేనల్లుడు డాసన్ చార్లీ. జిమ్, చార్లీ ఇద్దరూ తగిష్ తెగవాళ్ళు. ముందు చూసింది జిమ్మేనని అతని కుటుంబం ఇప్పటికీ చెబుతుంది. కానీ కనిపెట్టినవాడికి దక్కే ప్రత్యేక హక్కు కార్మాక్ పేరునే రాయించుకున్నారు. స్థానిక తెగవాడి పేరున రాయమంటే ఒప్పుకోరన్నది కార్మాక్ చెప్పిన కారణం. ఇది జరిగింది కెనడా గడ్డ మీద, కెనడా ప్రభుత్వ దస్త్రంలో. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1897 జూలైలో ఆ బంగారంతో మొదటి ఓడలు శాన్‌ఫ్రాన్సిస్కోకీ, సియాటిల్‌కీ చేరాయి. అప్పటికి నాలుగేళ్ళుగా అమెరికా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి ఉంది. ఇక చూడండి. గుమాస్తాలు, ట్రాము డ్రైవర్లు, బడిపంతుళ్ళు, పోలీసులు ఉద్యోగాలు వదిలేసి బయల్దేరారు. సియాటిల్ మేయరే రాజీనామా ఇచ్చి ఓడెక్కాడు. లక్ష మంది దాకా బయల్దేరారనీ, వాళ్ళలో 30, 40 వేల మంది మాత్రమే గమ్యం చేరారనీ అంచనా. ఎక్కువ మంది అమెరికన్లు. కాకుంటే యూరప్ నుంచి అమెరికాకు వచ్చి ఎన్నో రోజులు కాని వలసజీవులు. నిజమైన కెనడా పౌరులు ఆ గుంపులో తక్కువే. మన పరీక్షకు కావలసింది సరిగ్గా ఇదే. మనుషులు ఒకరే. దారిలో గీత దాటారు, అంతే.

స్కాగ్‌వే

ఓడలు ఆగేది అలాస్కా తీరంలోని రెండు రేవుల్లో, స్కాగ్‌వే, డయీ అని. అమెరికా ప్రభుత్వం అలాస్కాను 1867లో రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకు కొన్నది. కొన్న తర్వాత ముప్ఫై ఏళ్ళు దాదాపుగా మరిచిపోయింది. 1884లో ఒక చట్టం చేసి ఒక గవర్నరును, ఒక జడ్జిని, నలుగురు అధికారులను ఇచ్చి చేతులు దులుపుకొంది. శాసనసభ లేదు. ఆ చట్టం ప్రకారం అలాస్కా అంతటా మద్యం నిషేధం కూడా. 1898లో స్కాగ్‌వేలో వీధికి ఎన్ని సారా దుకాణాలో లెక్కపెట్టడమే కష్టం. చట్టం కాగితం మీద, సీసా బల్ల మీద.

తిరణాలలో ముందు దుకాణాలు లేచి, ఆ తర్వాత ఎప్పుడో పంచాయతీవాళ్ళు పన్ను పుస్తకం పట్టుకుని వచ్చినట్టు తయారైంది ఊరు. ఆ స్థలంలో 1887 నుంచి కాపురముంటున్న ముసలి కెప్టెన్ విలియం మూర్ ఇంటి చుట్టూ ఉన్న భూమినే జనం ఆక్రమించి వీధులు గీసుకున్నారు. ఖాళీగా ఉన్న ఆ పెత్తనపు కుర్చీలో వచ్చి కూర్చున్నవాడు జెఫర్సన్ రాండాల్ఫ్ స్మిత్. లోకం పిలిచే పేరు సోపీ స్మిత్. జార్జియాలో పుట్టాడు, డెన్వర్‌లో సంత వీధుల్లో సబ్బులమ్మాడు. కొన్ని సబ్బుల కాగితాల్లో డాలరు నోట్లు చుడుతున్నట్టు జనానికి చూపించి, కుప్పలో కలిపి వేలం వేసేవాడు. నోటున్న సబ్బు దొరికేది ఎప్పుడూ అతని మనిషికే. ఆ సబ్బులతోనే ఆ పేరు వచ్చింది.

స్కాగ్‌వేలో అతని వ్యాపారం ఇంకాస్త ముదిరింది. అక్కడ అతనివాళ్ళు ఒక టెలిగ్రాఫ్ ఆఫీసు నడిపారని చెబుతారు. ఇంటికి క్షేమ సమాచారం పంపుకోడానికి అయిదు డాలర్లు. కొన్ని గంటల్లో ఇంటి నుంచి జవాబు కూడా వచ్చేది, సాధారణంగా డబ్బు పంపమని. ఊరి నుంచి బయటికి తీగ మాత్రం లేదు. ఫెడరల్ డిప్యూటీ మార్షల్ స్మిత్ జేబులో మనిషి. అలాగని స్మిత్ ఊరందరికీ శత్రువేమీ కాదు. విధవరాళ్ళకు సాయం చేసేవాడు, స్పెయిన్‌తో యుద్ధం మొదలవగానే దేశం కోసం ఒక సైనిక దళాన్ని కూడగట్టాడు, 1898 జూలై 4న గుర్రమెక్కి స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపులో పాల్గొన్నాడు. దొంగతనాన్నీ దేశభక్తినీ ఒకే చేత్తో చేసిన పెద్దమనుషులు ఏ దేశంలోనైనా ఉంటారు. స్మిత్ కాస్త ముందుగా దొరికిపోయాడు.

జూలై 7న క్లోండైక్ నుంచి తిరిగి వస్తున్న ఒక గనివాడి దగ్గర స్మిత్ మనుషులు బంగారం సంచి కొట్టేశారు. విలువ 2,700 డాలర్ల దాకా. దీంతో వ్యాపారులకు భయం పట్టుకుంది. బంగారం పట్టుకుని వచ్చేవాళ్ళు ఈ ఊరికి రావడం మానేస్తే ఎలా? మర్నాడు రాత్రి రేవు మీద పౌరుల సభ. దాన్ని చెదరగొట్టడానికి తుపాకీ పట్టుకుని స్మిత్ వెళ్ళాడు. కాపలా ఉన్న ఫ్రాంక్ రీడ్‌తో కాల్పులు. స్మిత్ అక్కడే చనిపోయాడు, రీడ్ కొన్ని రోజులకు. ముఠాను ఊరివాళ్ళే పట్టి ఓడలెక్కించి పంపేశారు.

ఈ కథను అమెరికన్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు: ప్రభుత్వం లేని చోట పౌరులే లేచి న్యాయం చేసుకున్నారని. నిజమే. కానీ ఆ పౌరులు లేవడానికి ముందు ఎన్ని నెలలు దోపిడీ సాగిందో, చివరికి లేపింది న్యాయబుద్ధా, వ్యాపారం దెబ్బతింటుందన్న భయమా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. పైగా స్కాగ్‌వే అరాచకం వెనక స్వేచ్ఛాప్రియత్వం కంటే వాషింగ్టన్ నిర్లక్ష్యం పాలే ఎక్కువ.

కనుమ మీద జెండా

స్కాగ్‌వే నుంచి వైట్ పాస్, డయీ నుంచి చిల్‌కూట్ కనుమ. ఏది ఎక్కి దిగినా బెన్నెట్ సరస్సు, అక్కడి నుంచి యూకాన్ నది మీద 800 కిలోమీటర్ల పైచిలుకు పడవ ప్రయాణం చేస్తే గనుల ఊరు డాసన్. అసలు సరిహద్దు ఎక్కడన్నది అప్పటికి తేలలేదు. కెనడా లెక్కలో స్కాగ్‌వే కూడా తనదే. అమెరికా లెక్కలో కనుమలు దాటి లోపలి సరస్సుల దాకా తనదే. 1898 ఫిబ్రవరిలో కెనడా చేసిన పని ఏమిటంటే, వాదన పక్కన పెట్టి, రెండు కనుమల శిఖరాల మీదా నార్త్ వెస్ట్ మౌంటెడ్ పోలీసులను కూర్చోబెట్టడం. మంచులో ఒక గుడారం, ఒక బ్రిటిష్ జెండా, ఒక మాక్సిమ్ మరతుపాకి.

వీళ్ళు మనకు కొత్తవాళ్ళు కారు. 1874లో మైదానాల మీదికి నడిచిన ఎర్రకోటు పోలీసులే. అమెరికా అశ్వికదళం నీలికోట్ల నుంచి వేరుగా కనబడాలనే ఎరుపు ఎంచుకున్నారని ఎనిమిదో భాగంలో చెప్పుకున్నాం. కనుమల మీద వాళ్ళ పై అధికారి శామ్ స్టీల్, అంటారియోలో పుట్టినవాడు, బ్రిటిష్ నౌకాదళ అధికారి కొడుకు. 1873లో ఆ దళం పుట్టినప్పుడే చేరినవాడు. స్కాగ్‌వేను చూసి, భూమ్మీది నరకానికి ఏమంత తీసిపోదన్న అర్థంలో తన జ్ఞాపకాల్లో రాశాడు.

స్టీల్ మనుషులు కనుమ మీద పెట్టిన నిబంధన ఒక్కటే ఆ యాత్ర రూపం మార్చేసింది: ఏడాదికి సరిపడా తిండి, సామాను లేనివాడికి కెనడాలోకి ప్రవేశం లేదు. పిండి, పంది మాంసం, చిక్కుళ్ళు, పనిముట్లు, గుడారం అన్నీ కలిపితే మనిషికి దాదాపు ఒక టన్ను. ఆ టన్నును వీపు మీద వేసుకుని, మంచులో చెక్కిన 1,500 మెట్లు ఎక్కి, పైన కుప్పపెట్టి, జారుతూ కిందికొచ్చి, మళ్ళీ ఎక్కాలి. ముప్ఫై, నలభై సార్లు. చాలామందికి మూడు నెలలు పట్టింది. డబ్బున్నవాళ్ళు ట్లింగిట్ తెగ కూలీలను పెట్టుకున్నారు. ఆ కనుమ తరతరాలుగా వాళ్ళదే, వాళ్ళ అనుమతి లేకుండా ఒకప్పుడు ఎవరూ దాటేవారు కారు. చీమలబారులా మెట్ల మీద జనం నిలబడ్డ ఫోటో మీరు చూసే ఉంటారు. అది ఈ నిబంధన ఫలితమే. 1898 ఏప్రిల్ 3న మంచుచరియ విరిగిపడి 60 మందికి పైగా చనిపోయింది కూడా ఈ దారిలోనే.

క్రూరమైన నిబంధన అని అప్పుడు తిట్టుకున్నారు. అంతకుముందు చలికాలం డాసన్‌లో తిండి చాలక జనం తిరుగుముఖం పట్టిన సంగతి పోలీసులకు తెలుసు. 1898 చలికాలంలో ఆకలి చావులు లేకుండా చేసింది ఆ టన్ను సామానే. అయితే కనుమ మీద పోలీసులు ఇంకో పని కూడా చేశారని కెనడా పాఠాలు చాలాసార్లు మెల్లగా దాటేస్తాయి. సామాను సియాటిల్‌లో కొన్నవాడు సుంకం కట్టాలి; వాంకూవర్‌లోనో విక్టోరియాలోనో కొన్నవాడు కట్టనక్కర్లేదు. ఆ శిఖరం మీద కొద్ది నెలల్లోనే లక్ష డాలర్లు దాటి వసూలైంది. శాంతిభద్రతలతో పాటు ఖజానా కూడా ఆ గుడారంలోనే ఉండేది.

బెన్నెట్ సరస్సు ఒడ్డున చెట్లు నరికి పడవలు కట్టుకున్నారు జనం. 1898 మే చివర మంచు కరగ్గానే 7,000కు పైగా పడవలు ఒక్కసారి కదిలాయి. ప్రతి పడవకూ పోలీసులు నంబరు వేశారు, ఎక్కినవాళ్ళ పేర్లు, ఇంట్లోవాళ్ళ చిరునామాలు రాసుకున్నారు. వైట్‌హార్స్ దగ్గర సుడుల్లో మొదటి రోజుల్లోనే పడవలు బద్దలై కొందరు మునిగిపోతే స్టీల్ అక్కడికి వచ్చి ఒక ఆజ్ఞ జారీ చేశాడు: ఆడవాళ్ళూ పిల్లలూ ఒడ్డునే నడిచి రావాలి, అనుభవమున్న చుక్కానివాడు లేని పడవ సుడుల్లోకి దిగకూడదు, దిగితే 100 డాలర్ల జరిమానా. ఇది ఏ చట్టపుస్తకంలో ఉందంటే ఏ పుస్తకంలోనూ లేదు. స్టీల్ నోటిమాటే చట్టం. అమెరికన్లు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. స్కాగ్‌వేలో సోపీ స్మిత్‌ను ఒప్పుకున్నవాళ్ళూ వీళ్ళే.

(అన్నట్టు, ఆ బెన్నెట్ ఒడ్డున ‘ఆర్కిటిక్’ అనే పూటకూళ్ళ హోటలు నడిపి డబ్బు చేసుకున్న జర్మనీ వలసవాడు ఫ్రెడ్రిక్ ట్రంప్. మనవడు 2025లో కెనడా తమ 51వ రాష్ట్రం కావాలని పదే పదే అన్నాడు. తాత మాత్రం కెనడా పోలీసుల నీడలోనే వ్యాపారం చేసుకుని బయటపడ్డాడు.)

డాసన్

డాసన్‌లో కూడా సారా ఉంది, జూదం ఉంది, నాట్యశాలలు ఉన్నాయి, వేశ్యావాటిక ఉంది. ఇక్కడ మద్యం చట్టబద్ధం. నీతి విషయంలో స్కాగ్‌వే కంటే మెరుగైన ఊరేం కాదు. కానీ శనివారం అర్ధరాత్రి కొట్టేలోపు అన్నీ మూసేయాలి, ఆదివారం మొత్తం మూతే. ఆదివారం తన పొయ్యికి తను కట్టెలు కొట్టుకున్నవాడికీ శిక్ష పడిందని చెబుతారు. ఊళ్ళో రివాల్వరు పట్టుకుని తిరగడం నిషేధం. కనిపిస్తే పోలీసులు తీసేసుకుంటారు. తప్పు చేసినవాడు పోలీసు ఠాణా వెనక కట్టెల మోపుల దగ్గర గొడ్డలి పట్టుకుని నిలబడాలి, ప్రభుత్వ కార్యాలయాల పొయ్యిలన్నీ అలా మండేవి. మరీ మాట వినకపోతే ఊరు వదిలి పొమ్మని కాగితం ఇచ్చేవారు. 1898లో టైఫాయిడ్ ప్రబలినప్పుడు జూదగాళ్ళ దగ్గరా వేశ్యల దగ్గరా వసూలు చేసిన జరిమానాలను స్టీల్ ఆసుపత్రులకు మళ్ళించాడు. విక్టోరియా రాణి పుట్టినరోజునూ, అమెరికా జూలై 4నూ ఆ ఊరివాళ్ళు ఒకే హుషారుతో జరుపుకునేవారు.

నా ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉందనుకుంటాను. స్కాగ్‌వేలో నడుముకు తుపాకీ కట్టుకుని తిరిగిన మనిషే కొన్ని నెలల తర్వాత డాసన్‌లో దాన్ని పెట్టెలో పెట్టాడు. ఈ కొన్ని నెలల్లో అతని రక్తం మారలేదు, మతం మారలేదు, బడిలో చదివిన పాఠం మారలేదు. జనం ముందు పోయి ప్రభుత్వం వెనక వస్తే ఒక రకం ఊరు, ప్రభుత్వం ముందు పోయి కాచుకుని కూర్చుంటే ఇంకో రకం ఊరు. టర్నర్ అడవికి ఇచ్చిన గౌరవంలో సగం ఠాణాకు ఇవ్వవలసింది.

ప్రభుత్వం ముందు పోవడం కూడా కెనడా స్వభావం వల్ల జరిగింది కాదు, భయం వల్ల జరిగింది. 1861–65 అంతర్యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా చావడం పక్కింట్లో కూర్చుని చూసిన కెనడా నాయకులు, రాష్ట్రాలకు మరీ బలమివ్వడం వల్లే అమెరికా చీలిందని తేల్చుకున్నారు. అందుకే 1867లో తమ రాజ్యాంగాన్ని తిరగేసి రాసుకున్నారు: ఎవరికీ ఇవ్వకుండా మిగిలిన అధికారాలన్నీ కేంద్రానికే, రాష్ట్రాల గవర్నర్లను నియమించేదీ కేంద్రమే. పోటీ పరీక్షలకు మన రాజ్యాంగం చదివే పిల్లలకు ఈ మాటలు వినగానే చెవులు నిక్కపొడుచుకోవాలి. బలమైన కేంద్రమున్న సమాఖ్య, అవశిష్టాధికారాలు, కేంద్రం పంపే గవర్నరు – మూడూ మనకు కెనడా నమూనాలోనివే. అమెరికాను చూసి బెదిరి కెనడా కట్టుకున్న గోడ నీడ హైదరాబాద్ రాజ్‌భవన్ దాకా పడింది.

ఎర్రకోటు లోపలి వైపు

ఇక్కడితో ఆపేస్తే కెనడావాళ్ళు రాసుకునే పాఠ్యపుస్తకమే అవుతుంది. ఆ క్రమశిక్షణ ఖరీదు కూడా చూద్దాం.

బంగారం దొరకక ముందు యూకాన్ లోయలో ఉన్న కొద్దిమంది గనివాళ్ళు, ఎక్కువగా అమెరికన్లే, తగాదా వస్తే అందరూ ఒకచోట కూడి చేతులెత్తి తీర్పు చెప్పుకునేవారు. గనివాళ్ళ సభ అని దానికి పేరు. 1896 జూలైలో అలాంటి ఒక సభ తీర్పును ఇన్‌స్పెక్టర్ చార్ల్స్ కాన్‌స్టంటైన్ కొట్టేసి, డజను మంది సాయుధులను పంపి తిరగబెట్టించాడు. సభల కాలం ఆ రోజుతో పోయింది. ఆ సభల్లో తాగుబోతు తీర్పులున్న మాట నిజమే. కానీ వాటి స్థానంలో వచ్చిన ఒటావా పాలనలో గనివాడికి ఓటే లేదు. తవ్విన బంగారంలో పదో వంతు రాయల్టీ కట్టాలి, పన్ను వేసే సభలో ఒక్క ప్రతినిధీ ఉండడు. 1898 జూన్‌లో యూకాన్‌ను వేరే ప్రాంతంగా చేశాక కూడా పాలక మండలి అంతా నియమితులే. ఎన్నికైన ఇద్దరు సభ్యులు అందులో చేరడానికి 1900 రావలసి వచ్చింది. గని హక్కులు రాసే కార్యాలయంలో పక్క తలుపు నుంచి లంచాలు నడిచాయని ‘క్లోండైక్ నగ్గెట్’ పత్రిక వారం వారం ఎండగట్టింది. ఆ పత్రిక నడిపింది అమెరికన్లు. 1776లో వాళ్ళ పూర్వీకులు ఇంగ్లండు రాజు మీద వేసిన కేసూ ఇదే కదా, ఓటు లేకుండా పన్నేమిటని. వాళ్ళ గొడవను అల్లరి కింద కొట్టిపారేయలేం.

స్టీల్ కథ కూడా సుఖంగా ముగియలేదు. పై అధికారుల పక్షపాతాలకు అడ్డం పడ్డాడని 1899 సెప్టెంబరులో ఆయన్ను అక్కడి నుంచి తప్పించారు. ఓడ కదులుతుంటే ఒడ్డు మీద డాసన్ జనం పెద్ద ఎత్తున చేరి వీడ్కోలు చెప్పారు. వాళ్ళలో ఎక్కువ మంది మళ్ళీ అమెరికన్లే!

అసలు బరువు మాత్రం ఇంకొకళ్ళ మీద పడింది. క్లోండైక్ నోటి దగ్గర సాల్మన్ చేపలు పట్టుకుని బతికే ట్రాండెక్ హ్వెచిన్ జనం, తమ వేసవి మకాం గుంపుల కింద నలిగిపోతుంటే, చీఫ్ ఐజాక్ వెంట 1897లో అయిదు కిలోమీటర్లు దిగువన మూస్‌హైడ్ అనే చోటికి తరలిపోయారు. తమ పాటలు, నృత్యాలు ఈ హడావుడిలో అంతరించిపోతాయని భయపడి ఐజాక్ వాటిని అలాస్కాలోని బంధువులకు అప్పగించి దాచమన్నాడు. 1990ల్లో అవి మనవల దగ్గరికి తిరిగి వచ్చాయి. రెండు దేశాలూ కొట్టుకున్న ఆ గీత, ఆ బంధువుల మధ్య ఎప్పుడూ లేదు.

1898 మేలో ఇద్దరు తెల్లవాళ్ళ మీద కాల్పులు జరిగి ఒకడు చనిపోయాడు. నాంటక్ అనే ఇంటిపేరున్న నలుగురు తగిష్ యువకులను పట్టుకుని డాసన్ తెచ్చారు. తెల్లవాళ్ళ మకాంలో దొరికిన తెల్లపొడిని రొట్టె సోడా అనుకుని వాడి తమ ఇంట్లోవాళ్ళు చనిపోయారనీ, ఆ ప్రాణాలకు పరిహారంగానే యువకులు ఈ పని చేశారనీ తగిష్ పెద్దలు చెప్పుకునే కథనం. వాళ్ళ న్యాయంలో ప్రాణానికి లెక్క ఉంది. కోర్టు న్యాయంలో ఆ లెక్కకు చోటు లేదు. నలుగురిలో ఇద్దరు చెరలోనే జబ్బు చేసి చనిపోయారు. మిగిలిన ఇద్దరినీ 1899 ఆగస్టు 4న డాసన్‌లో ఉరితీశారు. శాంతియుత క్లోండైక్ కథ చెప్పేటప్పుడు ఈ పేర్లు వినపడవు.

ఆ కథ చెప్పినవాళ్ళలో అందరికంటే గట్టి గొంతు పియరీ బెర్టన్‌ది. 1920లో వైట్‌హార్స్‌లో పుట్టి, డాసన్‌లో పెరిగి, 1958లో ‘క్లోండైక్’ అనే పుస్తకం రాశాడు. తండ్రి 1898లో ఆ మెట్లెక్కినవాడే. స్కాగ్‌వే ఒక వైపు, డాసన్ ఒక వైపు పెట్టి రెండు దేశాల స్వభావం చూపించిన ఘనత బెర్టన్‌దే. అద్భుతమైన కథకుడు, నేనూ ఆయన వాక్యం వెంట పరుగెత్తినవాణ్ణే. కానీ టెలివిజన్‌లో, సినిమాలో, పుస్తకాల దుకాణంలో అమెరికా వరదలా వచ్చి పడుతున్న కాలంలో, మేం వేరు అని చెప్పుకోడానికి కెనడాకు ఒక పురాణం కావలసి వచ్చింది. టర్నర్ అమెరికాకు చేసిపెట్టినదాన్ని బెర్టన్ కెనడాకు చేసిపెట్టాడు. ఇద్దరూ పరిస్థితిని స్వభావంగా రాశారు. తరాలు ఆ రాతను చదివి పెరిగాక, అది నిజంగానే స్వభావంగా మారింది. ఇవాళ కెనడావాడు వరసలో నిలబడేది నటన కాదు; నేర్చుకున్నది.

మిగిలింది సరిహద్దు తగాదా. 1902లో థియోడర్ రూజ్‌వెల్ట్ అలాస్కాకు అదనపు సైనికులను పంపి, మాట వినకపోతే సంగతి చూస్తామన్నట్టు సూచన ఇచ్చాడు. చివరికి లండన్‌లో ఆరుగురి ధర్మపీఠం కూర్చుంది: ముగ్గురు అమెరికన్లు, ఇద్దరు కెనడియన్లు, ఒక ఆంగ్లేయుడు. 1903 అక్టోబరు 20న ఆ ఆంగ్లేయుడు, ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి లార్డ్ ఆల్వర్‌స్టోన్, అమెరికా పక్షం చేరాడు. కెనడా సభ్యులిద్దరూ సంతకం పెట్టడానికి నిరాకరించారు. స్కాగ్‌వే అమెరికాకు పోయింది, యూకాన్‌కు పసిఫిక్ తీరం అందలేదు. కెనడావాళ్ళకు అమెరికా మీద కంటే, తమను తాకట్టు పెట్టిన ఇంగ్లండు మీద ఎక్కువ మండింది. తమ ఒప్పందాలు తామే చేసుకునే హక్కు కావాలని ప్రధాని విల్‌ఫ్రిడ్ లోరియే పార్లమెంటులోనే అన్నాడు. విదేశీ వ్యవహారాలకు కెనడా తన సొంత శాఖ పెట్టుకున్నది 1909లో.

ఈ వారం తేడా ఎక్కడిదో చూశాం. వచ్చే వారం పోలిక, అదీ సిగ్గుపడవలసిన పోలిక. 1907 సెప్టెంబరు 4న అమెరికాలోని బెల్లింగ్‌హామ్‌లో, మూడు రోజులకే 7న కెనడాలోని వాంకూవర్‌లో, ఒకే సంఘం పేరు చెప్పుకున్న రెండు గుంపులు ఆసియావాళ్ళ మీద పడ్డాయి. వాంకూవర్‌లో అద్దాలు పగిలింది చైనా, జపాన్ వాళ్ళ ఇళ్ళకు. బెల్లింగ్‌హామ్‌లో దెబ్బలు తిని ఊరు విడిచినవాళ్ళు మన దేశం వాళ్ళు, పంజాబు నుంచి వెళ్ళి రంపపు మిల్లుల్లో కూలి చేసుకుంటున్నవాళ్ళు.